తాళాలక్క రాసిన మాటలు

మా ఆసుపత్రిలో మెయిల్‌కి తాళం వేయడం ఎవరికీ చేతకాని రోజుల్లో, కళ్ళ డాక్టరుగారు తాళం వేసే తన కార్డు వెనకాల రహస్య సంఖ్యని స్కెచ్ పెన్నుతో రాసుకున్నారు. చిన్న అంకెలు తనకే కనపడవని పెద్దవిగా రాసుకున్నారు. పైగా ఆ కార్డుని కంప్యూటరుకే గుచ్చి వదిలేసి ఇంటికి వెళ్ళిపోయేవారు. ఆ గదిలోకి వచ్చినవాడు ఎవడైనా సరే, ఆయన పేరు మీద ఏదైనా రాసి, ఆయన సంతకంతో ఎవరికైనా పంపుకోవచ్చు. నేను వెళ్ళి ఒంటికాలి మీద లేచాను. "గుర్తుండట్లేదయ్యా, ఏం చెయ్యమంటావు?" అన్నారాయన తాపీగా, ఎవరి కంట్లోకో టార్చి వేసి చూస్తూ.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉండక ఏం చేస్తుంది? ఆసుపత్రి నేలమాళిగలో, దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే గదికి పక్కన, కంప్యూటర్ల సాయం గది మాది. ఫోన్ మోగితే ఎత్తడం మా పని. రోగి పేరున్న ప్రతి మెయిలూ తాళం వేసే పంపాలని రూలు. తాళం వేస్తే అవతల ఎవరికి పంపామో వాళ్ళు తప్ప ఇంకెవరూ తెరవలేరు. సంతకం పెడితే, పంపింది ఫలానావారే, మధ్యలో ఎవరూ అక్షరం మార్చలేదు అని కంప్యూటరు హామీ ఇస్తుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం కార్డు గుచ్చాలి, సంఖ్య కొట్టాలి, అవతలివాళ్ళ తాళం ఎక్కడుందో వెతకాలి, అది గడువు దాటిపోయిందేమో చూడాలి. తల ప్రాణం తోకకొచ్చేది. ఇన్నీ చేసి పంపితే అవతలివాళ్ళు తెరవలేక మాకే ఫోన్ చేసేవారు. అందుకని రూలు గోడ మీద ఉండేది, రోగుల పేర్లు మాత్రం తాళం లేకుండా ఊరంతా తిరిగేవి.

ఇదంతా మార్చింది తాళాలక్క.

అది మేము పెట్టిన పేరు. డాక్టర్లు, నర్సులు, ఆయాలు, లిఫ్టు నడిపేవాడు, అందరికీ తాళాలక్కే. నాకు కూతురు వయసు కాబట్టి నేను అమ్మాయ్ అనేవాణ్ణి, ఆమె నన్ను బాబాయ్ అనేది. డిగ్రీ పూర్తికాకముందే అమ్మానాన్నా ఒకరి తర్వాత ఒకరు పోతే, చదువు ఆపేసి మా ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్లో చేరింది. స్కూల్లో ఉన్న తమ్ముణ్ణి ఆ జీతంతోనే పెంచింది. కౌంటర్లో కంప్యూటరు ఆగిపోయినప్పుడల్లా మాకు ఫోన్ చేసి, మేము వచ్చేలోపు తనే బాగుచేసుకునేది. ఫోన్ చేయడం ఎందుకు, బాగుచేసుకోవడం ఎందుకు అని నేను విసుక్కుంటే, "మీరేం చేస్తారో చూసి నేర్చుకుందామని" అంది. విసుగొచ్చి మా గదిలోకే లాక్కున్నాను.

నేను జనాన్ని తిట్టుకునేవాణ్ణి. ఆమె తిట్టేది కాదు. ఒక స్టూలు పట్టుకుని వార్డులకి వెళ్ళి, పని చేసుకుంటున్న నర్సు పక్కన కూర్చునేది. ఏమీ చెప్పేది కాదు. ఆ నర్సు వేలు ఎక్కడ ఆగుతోందో చూసేది. ఎక్కడ నిట్టూర్చి, "సరే, ఇలాగే పంపేద్దాం" అని తాళం వదిలేస్తోందో అక్కడ గుర్తు పెట్టుకునేది.

"వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు బాబాయ్. పనిలో ఉన్నారు, అంతే," అంది ఒకసారి. ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నదేనని నాకు తెలుసు.

కార్డులు తీసేయించింది. పొద్దున కంప్యూటరు తెరిచినప్పుడు ఒక్కసారి వేలు పెడితే చాలు, ఆ తర్వాత తాళాలూ సంతకాలూ సర్వరే చూసుకునేలా చేయించింది. రోగి పేరు ఉన్నా లేకపోయినా తాళం దానంతటదే పడుతుంది. ఇక్కడి నుంచి వెళ్ళే ప్రతి మెయిలుకీ సంతకం దానంతటదే పడుతుంది. దానికి పై అధికారి దగ్గరికి తిరిగి తిరిగి చెప్పులు అరగదీసింది. "ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేకుండా ఉండాలి" అన్నదొక్కటే ఆమె పాట.

తర్వాత మాటల మీద పడింది. మెయిల్ పైన వచ్చే వాక్యాలు చదివితే నాకే అర్థమయ్యేవి కావు. ప్రామాణికత, ధ్రువీకరణ, విశ్వసనీయ శ్రేణి అని పళ్ళు విరిగే మాటలు. ఆమె ప్రతి వాక్యాన్నీ ముందు తమ్ముడికి వినిపించేది.

తమ్ముడు చదువయ్యాక మా నేలమాళిగలోనే, స్టోర్సులో పనిచేసేవాడు. గాజుగుడ్డ, సూదులు, గొట్టాలు ఏ వార్డుకి ఏం కావాలన్నా ఆ గదిలోంచే. మామూలు సరుకు ఎవరైనా ఇచ్చేవారు, ప్రత్యేకంగా తెప్పించాల్సినవి మాత్రం అతని పని. అక్కకి తమ్ముడు కాబట్టి ఆసుపత్రి మొత్తానికి తమ్ముడయ్యాడు. మధ్యాహ్నం మా గదికి వచ్చి, ఇస్త్రీ గదిలోంచి వచ్చే వేడికి చొక్కా పై గుండీ విప్పుకుని, అక్క డబ్బాలో సగం తినేసి, తన డబ్బా మూత కూడా తీయకుండా తిరిగి పట్టుకెళ్ళిపోయేవాడు. తమ్ముడికి అర్థమైతే లోకానికి అర్థమైనట్టేనని నేను ఏడిపించేవాణ్ణి.

"పంపినవారి ప్రామాణికత ధ్రువీకరించబడినది," అని అక్క చదివింది ఒకరోజు.

"అంటే?"

"ఆ మెయిల్ నువ్వు పంపితే నువ్వే పంపావని."

"అదేదో అలాగే రాయొచ్చుగా. ఇది నిజంగా వీరు పంపినదే అని," అన్నాడు నోట్లో ముద్ద పెట్టుకుని.

అలాగే రాసింది. పచ్చగుర్తు, దాని పక్కన "ఇది నిజంగా వీరు పంపినదే." నర్సులు ఆ గుర్తుని తెగ నమ్మారు. ఆ గుర్తు లేని మెయిల్ వస్తే మాకు ఫోన్ చేసి చెప్పేవారు.

ఇంకొక వాక్యం కోసం చాలా ఆలోచించింది. ఉద్యోగం వదిలేసిన మనిషి తాళాన్ని మేము రద్దు చేస్తాం. తాళం రద్దయిన మనిషికి ఎవరైనా మెయిల్ పంపబోతే, వాళ్ళ పేరు మీద తాళం పడదు కాబట్టి అదివరకు ఎర్ర అక్షరాలతో "విఫలం" అని వచ్చేది. "కాదు అని చెప్పి ఊరుకుంటే వాళ్ళేం చేస్తారు బాబాయ్? ఏం చెయ్యాలో చెప్పాలి కదా," అంది. చివరికి ఇలా రాసింది: "వీరు ఇప్పుడు ఇక్కడ లేరు. ఈ మెయిల్ ఇంకెవరికి పంపాలో చెప్పండి." కింద పేరు రాసుకోవడానికి ఒక ఖాళీ గడి. మర్యాదగా ఉందని, అమ్మలా చెబుతోందని మెచ్చుకున్నాను. నేను ఊరికే మెచ్చుకునే రకం కాదు.

ఆ తర్వాత మా ఫోన్ మోగడం తగ్గింది. కళ్ళ డాక్టరుగారు కూడా తాళం వేసి పంపడం మొదలుపెట్టారు. తాను వేస్తున్నట్టు ఆయనకి తెలియదనుకోండి.

అక్కా తమ్ముడూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఆమె కింద, అతను మేడ మీద. మేడ గదికి చెమ్మ పట్టి సున్నం పెచ్చులూడుతోందని, తనే రంగు వేసుకుంటానని తమ్ముడు సెలవు పెట్టాడు. వెళ్ళేముందు మెయిల్‌లో సెలవు జవాబు పెట్టుకున్నాడు. ఎవరు రాసినా దానంతటదే వెళ్ళే జవాబు అది. "సెలవులో ఉన్నాను. సోమవారం వస్తాను. రాగానే మీ పనే ముందు చూస్తాను."

ఒక గోడకి రంగు వేశాడు. రెండో గోడ మొదలుపెట్టేముందు ఛాతీలో నొప్పి అన్నాడు. మా ఆసుపత్రికే తెచ్చారు. మా వాళ్ళందరూ పరుగెత్తారు. లాభం లేకపోయింది.

పది రోజులు కూడా ఉండకుండా ఆమె పనిలోకి వచ్చేసింది. వద్దన్నా వినలేదు. ఎప్పటిలాగే కుర్చీ లాక్కుంది, ఫోన్ ఎత్తింది, ఎవరికో ప్రింటరులో కాగితం ఎలా తియ్యాలో నెమ్మదిగా చెప్పింది. ఆమె ఏడుస్తుందేమో, ఏం మాట్లాడాలి అని నేను ఇంట్లోంచి మాటలు కూర్చుకుని వచ్చాను. వాటి అవసరం పడలేదు. మధ్యాహ్నం డబ్బా తెరిచి సగం తింది, సగం వదిలేసి మూత పెట్టింది.

"ఏడుపు రావట్లేదు బాబాయ్," అంది తనంతట తానే. "పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి ఉంటుంది చూడు, ఒళ్ళంతా అలా ఉంది. కొరికినా తెలియదు."

"వస్తుందిలే అమ్మాయ్."

"మేడ మీదకి వెళ్ళలేదు. రంగు డబ్బా మూత తీసే ఉందట. వాసన కిందకి వస్తోంది." ఆ మాట కూడా ప్రింటరు గురించి చెప్పినట్టే చెప్పింది.

పోయాడని మాత్రం ఎప్పుడూ అనలేదు. "వాడు లేనప్పటి నుంచి" అనేది కాదు, "వాడు సెలవు పెట్టినప్పటి నుంచి" అనేది. నేను సరిదిద్దలేదు.

సిబ్బంది విభాగం నుంచి మాకు మామూలు అభ్యర్థన వచ్చింది. స్టోర్సు ఉద్యోగి ఫలానా, ఇక లేరు, తాళం రద్దు చేయగలరు. అలాంటివి వస్తే పూట దాటనివ్వకూడదని మా గదిలో పద్ధతి పెట్టింది ఆమే. అది తన పేరు మీద వేసుకుంది. తెర మీద దాని పక్కన "పనిలో ఉంది" అని కనిపించేది. మర్నాడూ అలాగే ఉంది. ఆ వారం గడిచాక కూడా అలాగే ఉంది.

"నేను చెయ్యనా అమ్మాయ్?" అని అడిగాను ఒకసారి.

"నాది కదా. నేను చేస్తాను."

చేయలేదు. మా ఆసుపత్రిలో వాళ్ళందరికీ సంగతి తెలుసు కాబట్టి, ప్రత్యేక సరుకు కావలసినవాళ్ళు మెట్లు దిగి స్టోర్సుకి వచ్చి నోటితో చెప్పుకునేవారు. ఇబ్బంది ఏమీ కనిపించలేదు. ఆమె చెయ్యి మౌసు మీద పెట్టుకుని తెర వంక చూస్తూ ఉండేది. పిలిస్తే పలికేది. ఆ ఇస్త్రీ గది వేడి, పక్కన యంత్రం గుయ్యిమనే చప్పుడు, ఆమె మాట్లాడకుండా కూర్చోవడం, అన్నీ ఒకటైపోయి నాకే మొద్దుబారినట్టు ఉండేది. కోపం కూడా వచ్చేది కాదు. అంతవరకూ నాకు అలా ఎప్పుడూ జరగలేదు.

అప్పుడొచ్చింది ఆ ఫోన్. చేతులు కీబోర్డు మీద ఉండాలి కాబట్టి మేము ఫోన్లు స్పీకర్లోనే మాట్లాడతాం. ఊరి చివర మా ఆసుపత్రికి చిన్న క్లినిక్ ఒకటి ఉంది. అక్కడి నర్సు.

"అక్కా, నా మెయిల్‌కి తాళం సరిగ్గా పడుతోందో లేదో కాస్త చూస్తారా?"

"పడుతోందమ్మా. ఏమైంది?"

"స్టోర్సు తమ్ముడుగారికి పంపుతున్నానండీ. ఒక పాపకి గొంతులో పెట్టే గొట్టం, చిన్న సైజుది కావాలి. పంపిన ప్రతిసారీ సోమవారం వస్తానని జవాబొస్తోంది. సోమవారం వస్తోంది, పోతోంది. సరుకు లేదు. నేను పంపింది ఆయన తెరవలేకపోతున్నారేమోనని..."

తాళాలక్క వేళ్ళు ఆగిపోయాయి. "గొట్టం ఇంకా రాలేదా?"

"లేదండీ. పాతదే కడిగి కడిగి పెడుతున్నాం. రాత్రిళ్ళు దగ్గుతోందని వాళ్ళమ్మ రోజూ వచ్చి అడుగుతోంది. ఇంకెవరికైనా ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ పచ్చగుర్తు ఉంది కదండీ. ఇది నిజంగా వీరు పంపినదే అని రాసుంది కదా. రాగానే మీ పనే ముందు చూస్తానని ఆయనే అంటుంటే, ఆయన్ని కాదని ఇంకొకరిని అడిగితే బాగోదని ఊరుకున్నా."

ఏమైనా అందామని నేను ఫోన్ వైపు వంగాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. ముఖంలో ఏమీ లేదు, రోజూ ఉన్నట్టే ఉంది.

"ఆ గుర్తుని నమ్మొద్దమ్మా," అంది. "అది కంప్యూటరు పెట్టింది. మా తమ్ముడు పెట్టలేదు." "మా తమ్ముడు చనిపోయాడు."

అవతల ఊపిరి చప్పుడు వినిపించింది.

"సైజు చెప్పు," అంది తాళాలక్క. "పాప పేరు ఫోన్లో చెప్పకు. సైజు చెప్పు చాలు."

రాసుకుని, స్టోర్సుకి తనే వెళ్ళింది. తమ్ముడు ముందే తెప్పించి పెట్టిన గొట్టం అలమరలోనే ఉంది. అది ఎవరికి కావాలో తెలిస్తే కదా ఇచ్చేది? అంబులెన్సు ఆ వైపే వెళ్తుంటే డ్రైవరు చేతిలో పెట్టి పంపింది. సాయంత్రానికి పాపకి కొత్త గొట్టం వేశామని నర్సు ఫోన్ చేసి చెప్పింది. అక్కా మన్నించండి అని కూడా అంది పిచ్చి తల్లి, తనేదో తప్పు చేసినట్టు.

తమ్ముడి పెట్టెలో ఇంకా ఎవరివి ఉండిపోయాయో చూడాలి. అందులోని మెయిళ్ళన్నీ అతని పేరు మీద తాళం పడినవి, అతనే తెరవాలి. ఇలాంటి అవసరం పడుతుందనే ప్రతి తాళానికీ ఒక మారు తాళంచెవి ఆసుపత్రి దాచి ఉంచుతుంది. పై అధికారి ఒప్పుకోవాలి, మా గదిలో ఇద్దరూ కలిసి తెరవాలి. ఒప్పుకున్నారు. నా వేలు పెట్టాను, ఆమె వేలు పెట్టింది.

క్లినిక్ నర్సువి వరసగా ఉన్నాయి. ఇంకో వార్డు నుంచి ఒకటి, అది అప్పటికే తీరిపోయిన పని. వాటి మధ్యలో తాళాలక్క పేరు. కిందకి జరిపితే మళ్ళీ తాళాలక్క పేరు. పైకి జరిపినా అదే. పేరు పక్కన విషయం ఏమీ లేదు.

"తెరవక్కర్లేదు బాబాయ్. ఖాళీవి," అంది. "జవాబు కోసం పంపాను."

నాకు తెలిసిపోయింది. ఖాళీ మెయిల్ పంపగానే వస్తుంది. సెలవులో ఉన్నాను, సోమవారం వస్తాను. పైన పచ్చగుర్తు, తమ్ముడు ముద్ద నములుతూ చెప్పిన వాక్యం. తాళం రద్దయితే ఆ గుర్తు పోతుంది. అందుకే ఆ అభ్యర్థన అన్నాళ్ళూ పనిలో ఉంది.

"వాడు కాదని తెలుసు," అంది. "ఆ యంత్రం పెట్టించిందే నేను. తెలిసీ పంపాను. నాకు వాడు చెప్పినట్టే ఉండేది. అక్కడ పాప దగ్గుతోంది, నేనిక్కడ..." మౌసు పట్టుకుని రద్దు చేసే చోటు తెరిచింది.

కారణం అడిగింది కంప్యూటరు. ఉద్యోగం మానేశారు. వేరే చోటికి మారారు. తాళం పరుల చేతిలో పడింది. పాతది పోయి కొత్తది వచ్చింది. అంతే ఉన్నాయి. పొడుగ్గా ఉంటే జనం తికమకపడతారని ఆ కారణాలు కుదించింది కూడా ఆమే.

"మానేశారు అని పెట్టెయ్ అమ్మాయ్. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"వాడు మానెయ్యలేదు." సెట్టింగుల్లోకి వెళ్ళింది. చివరన ఇంకో కారణం చేర్చింది: "చనిపోయారు." అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంది. "తర్వాత ఎవరికైనా కావాలి కదా. అప్పుడు వెతుక్కోకూడదు." వెనక్కి వచ్చి, దాన్నే ఎంచుకుని నొక్కింది.

రద్దుకి కూడా మా ఇద్దరమూ కావాలి. ఒకరు అడగాలి, రెండోవారు ఒప్పుకోవాలి. నా తెర మీద అతని పేరు, కారణం, కింద ప్రశ్న వచ్చాయి. "ఈ వివరం నిజమేనా?" అవును, కాదు. ఎన్నో వందలసార్లు చదవకుండా నొక్కిన ప్రశ్న అది. ఆ రోజు వేలు కదల్లేదు. ఆ కుర్రాడు మా బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతూ తినేవాడు. దిగరా అని తిట్టేవాణ్ణి. కాదు అని నొక్కెయ్యాలనిపించింది నాకు.

"నొక్కు బాబాయ్."

నొక్కాను. పని అయిపోయింది అని చూపించింది.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. తర్వాత కొత్త మెయిల్ తెరిచింది. చెయ్యి అలవాటు కొద్దీ అతని చిరునామా కొట్టేసింది. ఏమీ రాయలేదు. పంపు అన్నచోట నొక్కింది.

పోలేదు. తెల్లటి పెట్టె తెరుచుకుంది. అందులో ఎర్ర అక్షరాలు లేవు, విఫలం అన్న మాట లేదు. తను కూర్చి కూర్చి రాసిన మాటలు, మర్యాదగా.

"వీరు ఇప్పుడు ఇక్కడ లేరు. ఈ మెయిల్ ఇంకెవరికి పంపాలో చెప్పండి."

కింద ఖాళీ గడిలో గీత మిణుకుమిణుకుమంటోంది. ఆమె ఆ వాక్యాన్ని పైకి చదివింది. ఎవరో రాసినది మొదటిసారి చూస్తున్నట్టు ఇంకోసారి చదివింది. పెదవి వణకడం మొదలైంది.

"ఇంకెవరికి పంపను బాబాయ్?" అంది.

అడిగింది నన్నే. ఆ మాటలు బాగున్నాయన్నవాణ్ణి నేనే. లేచి వెళ్ళి ఆమె తల మీద చెయ్యి వేశాను. అప్పుడు ఏడ్చింది తాళాలక్క.